దుంగ ఇక్కడిది, ధర అక్కడిది

ఎర్రచందనం చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. పాత కడప జిల్లాలోని పాలకొండలు, లంకమల, వెలికొండలు, చిత్తూరు వైపు శేషాచలం, నెల్లూరు సరిహద్దు కొండలు, ఉత్తరాన కర్నూలు, ప్రకాశం జిల్లాల నల్లమల దక్షిణపు అంచు. అంతా కలిపితే సుమారు 5 వేల చదరపు కిలోమీటర్లు. రాజంపేట డివిజన్‌లోని సానిపాయ, బాలపల్లె రేంజిల్లో చిక్కగా కనిపించే ఈ చెట్టు కర్నూలు దిక్కుకు పోయేకొద్దీ పలచబడుతుంది. నల్లమల లోపలికి వెళ్తే టేకు, నల్లమద్ది, వెదురుదే రాజ్యం. నీళ్లు నిలవని రాతినేల, అరకొర వాన, బండల సందుల్లో పిడికెడు మట్టి ఉంటే ఎర్రచందనానికి చాలు. అందుకే ఎదుగుదల కూడా అంత మెల్లగా సాగుతుంది. కాండం లోపల చేవ పట్టడానికే పాతికేళ్లు కావాలి, మంచి చేవకు అంతకు రెట్టింపు కాలం పడుతుంది.

ఇంత చిన్న చోట పుట్టే గట్టి కలప వందల ఏళ్లుగా సముద్రాలు దాటుతోంది. కొనే దేశాలు మారాయి, కొనే కారణమూ మారింది. ఐరోపా రంగు కోసం కొంటే, జపాన్ నాదం కోసం కొన్నది. చైనా కొన్నది హోదా కోసం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడబోతే మొదట అడ్డొచ్చేది లెక్కల తేడా. మద్రాసు రేవు పాత లెక్కల్లో ఇది అద్దకపు సరుకు. నేటి కస్టమ్స్ కాగితాల్లో ముడి దుంగ. అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రికార్డుల్లో అడవిదా, నాటిందా, పట్టుబడిందా అన్న గుర్తును బట్టి వేర్వేరు వరుసల్లో కనబడుతుంది. ఐరోపా తన ఓక్, బీచ్ కలపను ఘనపు మీటర్లలో కొలుస్తుంది, రాయలసీమ ఎర్రచందనాన్ని టన్నుల్లో తూస్తుంది. ఎర్రచందనం చేవ నీటిలో మునిగేంత బరువు కాబట్టి దాని టన్ను ఒక ఘనపు మీటరుకు కూడా రాదు. ఎండిన ఓక్ టన్ను ఒకటిన్నర ఘనపు మీటరుకు కాస్త తక్కువగా ఉంటుంది. రెండు ప్రాంతాల కలప గణాంకాలను నేరుగా పోల్చే పట్టికలు చాలావాటిలో ఈ సంగతి పట్టించుకోరు.

తెల్ల చెక్కను గొడ్డలితో చెక్కేశాక మిగిలిన చేవే అసలు సరుకు. కొట్టినవాడు ఆ పని అడవిలోనే చేసేస్తాడు, ఎందుకంటే తెల్ల చెక్కకు ధర లేదు, మోయడానికి బరువు మాత్రం ఉంది. అటవీశాఖ డిపోకు చేరిన దుంగ ముదురు కుంకుమ రంగులో ఉంటుంది, ఎండకు ఎండి పైన నల్లబారుతుంది. ఒక చివర సుత్తి ముద్ర, పక్కన పెయింటుతో నంబరు, రిజిస్టరులో పొడవు, చుట్టుకొలత, బరువు కిలోలతో సహా. చివర కోసిన చోట వేలితో రుద్దితే ఎర్రటి పొడి అంటుతుంది. తెల్లకాగితం మీద గీస్తే సుద్దముక్కలా ఎర్రగీత పడుతుంది. రకాలు ఏ, బీ, సీ, ఆ మూడింటిలోనూ చేరనిది నాన్‌గ్రేడ్. తిన్నగా, పొడవుగా, పగుళ్లు లేకుండా ఉన్నది పై రకం. వంకర, గుల్ల, పుచ్చు ఉన్నది కింది రకం. దుంగ లోపల ఏముందో కోస్తే తప్ప తెలియదు. ఈ జాతి చెక్క పది దుంగల్లో తొమ్మిది గుల్లేనని చైనా వడ్రంగుల్లో ఒక మాట ఉంది. అతిశయం ఉన్నా అనుభవం మీద పుట్టిన మాటే. ఆ గుల్ల ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో బయటి నుంచే అంచనా కట్టగలిగినవాడు ఈ వ్యాపారంలో గెలుస్తాడు. ఆ నేర్పు మొదటినుంచీ కొనేవాడి చేతిలోనే ఉంది.

ఐరోపాకు ఈ చెక్క మధ్యయుగాల్లోనే తెలుసు. 14, 15 శతాబ్దాల ఇంగ్లండ్ వంటల్లో పులుసులకు ఎర్రరంగు పట్టించడానికి చందనపు పొడి వాడేవారు. అప్పట్లో అది అరబ్బు వర్తకుల చేతులు మారి అందే ఖరీదైన దినుసు. 17వ శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ పులికాట్ కేంద్రంగా కోరమాండల్ తీరంలో నిలదొక్కుకున్నాక పరిస్థితి మారింది. ఎర్రచందనం ఓడల అడుగున బరువు కోసం వేసే సరుకైంది. బట్టల మూటలు తేలిక, కిందన బరువు లేకపోతే ఓడ తూలుతుంది. ఇసుక, రాళ్ల బదులు అమ్ముడుపోయే దుంగలు వేస్తే రవాణా ఖర్చు దాదాపు లేనట్టే. తర్వాత ఇంగ్లిషు కంపెనీ ఓడలూ అదే పద్ధతి పట్టాయి. అంటే ఐరోపాలో ఈ చెక్క చవగ్గా దొరికింది దాని విలువ తక్కువై కాదు, ఓడకు బరువు అవసరమై.

అక్కడ దాన్ని పొడి చేసి ఉన్ని బట్టల అద్దకంలో వాడేవారు. బ్రెజిల్ చెక్క రంగు నీటిలో కరుగుతుంది. ఎర్రచందనంలోని సాంటాలిన్ నీటిలో దాదాపు కరగదు, పటిక వంటివాటి సాయంతోనే పట్టుకుంటుంది. అందువల్ల దీన్ని ఒంటరిగా కాక ఇతర రంగులతో కలిపి గోధుమ, ముదురు ఎరుపు ఛాయలకు వాడారు. మందుల షాపుల్లో లావెండర్ టింక్చర్‌కు ఎరుపునిచ్చేది ఇదే. చెక్కను పొడి చేయడం నడుం విరిచే చాకిరీ. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1596లో తెరిచిన ఖైదీల కర్మాగారంలో బ్రెజిల్ చెక్కను ఆకురాయితో రాయించేవారు. అంటే రంగు చెక్కల వ్యాపారంలో దుంగను సరుకుగా మార్చే పని, దాని మీది లాభం రేవు దాటాకే పుట్టేవి.

అదే కాలంలో ఐరోపా లోపలి గట్టి కలప వ్యాపారం మరోలా నడిచింది. 14వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం మధ్య వరకు పోలండ్, లిథువేనియా అడవుల ఓక్ గ్దాన్స్క్ రేవు మీదుగా నెదర్లాండ్స్‌కు, ఇంగ్లండ్‌కు వెళ్లేది. డచ్ చిత్రకారులు బొమ్మలు గీసిన పలకల్లో చాలావరకు ఆ బాల్టిక్ ఓక్‌వేనని చెట్టు వలయాల పరీక్షలు తేల్చాయి. వెళ్లింది చాలావరకు దుంగగా కాదు, చీల్చి సిద్ధం చేసిన పలకలుగా. బాల్టిక్ రేవుల్లో ప్రమాణం చేసిన తనిఖీదారులు సరుకును రకాలుగా విడదీసి ముద్ర వేశాకే ఓడకెక్కేది. ఆమ్‌స్టర్‌డామ్ కొనుగోలుదారు ఆ ముద్రను నమ్మి ధర కట్టేవాడు. పోలండ్ రైతుకు దానివల్ల ఒరిగిందెంత అన్నది వేరే ప్రశ్న, కలపంతా జమీందారులదే. కానీ రకం తేల్చే పని, కోసే పని అమ్మేవైపే ఉండటంతో రేవు పట్టణాలు బలపడ్డాయి. మద్రాసు రేవులో ఎర్రచందనానికి అలాంటి తనిఖీ లేదు. బరువు తూచి ఎక్కించడమే.

కడప 1800లో దత్తమండలాలతో కలిసి నిజాం చేతి నుంచి కంపెనీకి దక్కింది. కర్నూలు నవాబు రాజ్యాన్ని 1839లో కలిపేసుకున్నారు. అప్పటికి కొండపక్క ఊళ్లలో ఎర్రచందనం ఇంటి స్తంభాలకు, దూలాలకు, వ్యవసాయ పనిముట్లకు వాడుకునే మామూలు కలపే. మద్రాసు నుంచి రేణిగుంట, కోడూరు, కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలుమార్గం 1871 నాటికి పూర్తయింది. కొండ కింది నుంచే రైలు పోవడంతో మద్రాసు రేవు ఒక రోజు దూరమైంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఆ కొండలు రిజర్వు అడవులయ్యాయి. స్తంభానికి చెట్టు కొట్టుకునే ఊరివాళ్ల అలవాటు నేరమైంది.

దారి తెరుచుకునే సమయానికి గిరాకీ పోయింది. లండన్‌లో విలియం పెర్కిన్ 1856లో మొదటి కృత్రిమ రంగును తయారుచేశాడు. 1869 ప్రాంతానికి మంజిష్ఠ ఎరుపును కూడా తారు నుంచి తీయడం నేర్చారు. చెక్క రంగుల మార్కెట్ కొన్ని దశాబ్దాల్లో కుప్పకూలింది. నీలిమందు పోవడం దత్తమండలాల రైతుకు గట్టిగా తగిలింది, అందుకే ఆ కథ అందరికీ గుర్తుంది. ఎర్రచందనం గిరాకీ పోవడం ఏ ఊరికీ పెద్దగా తగల్లేదు. ఆ చెక్క మీద బతికే అద్దకపు కులంగానీ, సామిల్లుగానీ, వడ్రంగి వీధిగానీ ఇక్కడ పెరగలేదు. ఉన్నదల్లా బొమ్మలు చెక్కేవారు. తిరుపతి మరపాచి బొమ్మలు, శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల, రైల్వేకోడూరు దగ్గరి శెట్టిగుంట శిల్పాలు. గొప్ప పనితనమే, కానీ వాళ్లకు కావలసిన చెక్క ఏటా వేళ్లమీద లెక్కించదగినన్ని టన్నులే.

20వ శతాబ్దంలో గిరాకీ తూర్పు నుంచి వచ్చింది. జపాన్‌లో మూడు తీగల వాద్యం శామిసెన్‌కు మెడ భాగం గట్టిగా, బరువుగా, తేమకు వంగకుండా ఉండాలి. ఎర్రచందనంతో చేసిన మెడ అక్కడ అన్నిటికన్నా మేలు రకం. చెక్కలో అలలు అలలుగా తిరిగే చార ఉంటే ధర మరీ ఎక్కువ. ఆ చార అన్ని చెట్లలో రాదు. ఏ చెట్టులో ఉందో నిలబడి ఉన్నప్పుడు చెప్పడం కష్టం, చెక్కితేనే బయటపడుతుంది. పేర్లు చెక్కే ముద్రలకు, చిన్న అలంకరణ సామానుకూ జపాన్ ఈ చెక్క వాడింది. కొన్నది తక్కువ, ఏరి కొన్నది ఎక్కువ. ఐరోపాకు వంకర దుంగైనా పనికొచ్చేది, ఎలాగూ పొడే కాబట్టి. జపాన్‌కు నూరు దుంగల్లో పదే కావాలి. మిగతా తొంభై ఎవరికి అమ్మాలన్నది అటవీశాఖకు అప్పుడే ఎదురైన సమస్య.

ఆ తొంభైనీ కొనగల దేశం చైనా. మింగ్, చింగ్ రాజుల కాలంలో రాజప్రాసాదపు కుర్చీలు, పెట్టెలు, తెరలు చేసిన నల్లెర్ర చెక్కలన్నిటిలో మొదటి స్థానం ఎర్రచందనానిదే. 18వ శతాబ్దంలో చింగ్ ఆస్థానంలో నిల్వలు తరిగిపోయి ముక్కముక్కనూ పొదుపు చేసుకునే స్థితి వచ్చింది. కమ్యూనిస్టు పాలన తొలి దశాబ్దాల్లో ఆ మోజు అణిగింది. 1990ల తర్వాత కొత్త సంపన్నులతో తిరిగి లేచింది. 1999లో బీజింగ్‌లో ఎర్రచందనపు మ్యూజియం వెలిసింది. 2000 సంవత్సరంలో చైనా ప్రభుత్వం ఎర్ర కలప ఫర్నిచర్‌కు ఏ చెట్లు అర్హమో చెప్పే జాతీయ ప్రమాణం తెచ్చి 33 జాతుల్ని అందులో చేర్చింది. 2017 సవరణలో అవి 29 అయ్యాయి. రెండు జాబితాల్లోనూ కడప చెక్క ఉంది. ఈ ప్రమాణం పైకి చూస్తే వినియోగదారు రక్షణ నియమం. ఆచరణలో అది శేషాచలం దుంగకు విదేశంలో వేసిన గ్రేడు ముద్ర. కుర్చీని ఎర్రచందనమని నమ్మించడానికి చైనా దుకాణానికి ప్రభుత్వ ప్రమాణం ఉంది. దుంగను అమ్మే రాష్ట్రానికి ఉన్నది ఏ, బీ, సీ మాత్రమే.

ఈలోగా చట్టం బిగిసింది. రాష్ట్రం 1989లో ఎర్రచందనం నిల్వకు ప్రత్యేక నిబంధనలు పెట్టింది. 1995లో ఈ చెట్టు సైటిస్ రెండో అనుబంధంలో చేరింది. అంటే నిషేధం కాదు, కొనసాగే వ్యాపారం అడవికి హాని చేయదని ఎగుమతి దేశం చూపాలి. ఆ పని సరిగా జరగడం లేదన్న అనుమానంతో 2004 నుంచి సైటిస్ భారత్‌ను ప్రత్యేక సమీక్షలో పెట్టింది. తర్వాత కుదిరిన లెక్క ఇది: అడవి చెట్టు నుంచి ఎగుమతి సున్నా, నాటి పెంచిన చెట్ల నుంచి ఏడాదికి 310 టన్నులు, పట్టుబడిన సరుకులోంచి ఒక్కసారికి 11,806 టన్నులు. ఆ పట్టుబడిన నిల్వలో ఆంధ్రప్రదేశ్ వాటాగా 8,584 టన్నుల దుంగల ఎగుమతికి కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం 2013లో అనుమతిచ్చింది.

ఈ మూడు అంకెల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే వ్యాపారం స్వరూపం తేటతెల్లమవుతుంది. ఒక్కసారికి వదిలిన పట్టుబడ్డ సరుకు, రైతు చెట్లకిచ్చిన కోటాతో పోలిస్తే 38 ఏళ్లకు సరిపడా ఉంది. చట్టబద్ధంగా ఓడెక్కిన ఎర్రచందనంలో సింహభాగం చట్టవిరుద్ధంగా కొట్టినదే. వన్యప్రాణుల వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ సంస్థ 2016-2020 మధ్య సైటిస్ రికార్డుల్లోంచి తీసిన లెక్క ప్రకారం పట్టుబడిన, అడవి మూలమున్న సరుకు 19 వేల టన్నులకు పైగా భారత్ నుంచి బయటికి వెళ్లినట్టు నమోదైంది. చైనాకు 13,618, హాంకాంగ్‌కు 5,215, సింగపూర్‌కు 216 టన్నులు. అనుమతిచ్చిన 11,806 కన్నా ఈ మొత్తం ఎక్కువ. పర్మిట్ల మీద రాసిన పరిమాణమూ ఓడెక్కిన పరిమాణమూ ఒకటి కావు, ఎగుమతి దేశం ఒక ఏడాదిలో, దిగుమతి దేశం మరో ఏడాదిలో నమోదు చేయడమూ మామూలే కాబట్టి ఈ అంకెల్ని తులం తప్పకుండా నమ్మనక్కర్లేదు. దిక్కు మాత్రం స్పష్టం. ఒకప్పుడు ఐరోపా, ఆ తర్వాత జపాన్ ఉన్న వరుసలో ఇప్పుడు చైనా, దానికి దారిగా హాంకాంగ్ తప్ప చెప్పుకోదగ్గ పేరు లేదు.

రాష్ట్రం 2014 చివర్లో మొదటి విడతగా 4,160 టన్నుల్ని అంతర్జాతీయ ఈ-వేలానికి పెట్టింది. ఏ రకం టన్ను ధర కోటి రూపాయలు దాటింది. వేలం ఖజానాకు మంచిదే చేసింది. దాంతోపాటు కొండ చుట్టూ ఉన్న ప్రతి ఊరికీ, తమిళనాడులోని తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల కొండ ఊళ్లకూ ఒక అంకె అందించింది. ఆ అంకెలో అడవిలో దుంగ మోసే కూలీకి దక్కేది చిల్లర. మేస్త్రీ, కొండ కింద డంపు చేసేవాడు, ముందు పైలట్ వాహనంలో దారి చూసేవాడు, చెన్నై రేవులో కంటెయినర్‌లో దుంగల మీద గ్రానైటో టైల్సో పేర్చేవాడు, నేపాల్ సరిహద్దులోనో దుబాయ్‌లోనో కాగితాలు మార్చేవాడు, ఒక్కొక్కరి దగ్గరా ధర మెట్టు మెట్టుగా పెరుగుతుంది. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారుల్ని చంపేశారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. చనిపోయినవాళ్లలో ధర నిర్ణయించేవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ దశలో ఐరోపా అనుభవం తిరిగి పనికొస్తుంది, ఈసారి వేరే కారణంతో. చైనా తన సహజ అడవుల్లో వాణిజ్య నరుకుడును 2014లో హేలుంగ్‌జియాంగ్ రాష్ట్రంలో ఆపి, 2017 నాటికి దేశమంతటా నిలిపేసింది. ఆ లోటు తీర్చుకోవడానికి చైనా కొనుగోలుదారులు ఫ్రాన్స్ ఓక్ వేలంపాటల్లో దిగారు. దుంగలే కొన్నారు, కోత చైనాలో. ఫ్రెంచి సామిల్లులు ముడిసరుకు దొరక్క గగ్గోలు పెట్టాయి. అక్కడి ప్రభుత్వ అడవుల సంస్థ 2015 నుంచి తన ఓక్ వేలాల్లో ఐరోపా సమాఖ్య లోపలే కోస్తామని హామీ ఇచ్చినవారికే అమ్మేలా షరతు పెట్టింది. క్రొయేషియా 2017లో పురుగు వ్యాప్తి కారణం చూపి ఓక్ దుంగల ఎగుమతి కొంతకాలం ఆపింది. ఇటలీ ఫర్నిచర్ మిల్లులకు అది నచ్చలేదు. ఉక్రెయిన్ మరీ ముందుకెళ్లింది. వాల్‌నట్, చెర్రీ వంటి కొన్ని విలువైన జాతుల దుంగల ఎగుమతిని 2005లో, మొత్తం ముడి కలపను 2015 తర్వాత నిషేధించింది. ఐరోపా సమాఖ్య తగవు పెట్టింది. 2020 డిసెంబరులో మధ్యవర్తుల బృందం విలువైన జాతుల నిషేధం అడవి రక్షణ కిందికి వస్తుందని ఒప్పుకుని, మొత్తం కలపపై నిషేధం మాత్రం ఒప్పందానికి విరుద్ధమంది. అరుదైన జాతికి వేరే నియమం సాధ్యమేనని తీర్పు చెబుతోంది. దేశంలోని మిల్లులకు మేత దొరకాలన్న కారణం అంతర్జాతీయ వేదిక మీద నిలవదనీ చెబుతోంది.

భారత్ మాత్రం దీనికి ఎదురు దిక్కులో నడిచింది. చాలాకాలం ఎర్రచందనం దుంగ ఎగుమతి నిషిద్ధం. ప్రైవేటు తోటల చెక్కతో చేసిన వస్తువులకు మాత్రం అనుమతి ఉండేది. ఆలోచన సరైనదే. ఆచరణలో దుంగను నాలుగు ముక్కలు కోసి సంగీత వాద్య భాగమనో, అలంకరణ వస్తువనో రాసి పంపడం మొదలైంది. వస్తువంటే ఏమిటో నిర్వచించకుండా వస్తువుకు అనుమతిస్తే ఇలాగే అవుతుంది. 2013లో ప్రభుత్వ నిల్వను దుంగలుగానే అమ్మారు. 2019 ఫిబ్రవరిలో పట్టా భూముల్లో పెంచిన చెట్టునూ దుంగగా ఎగుమతి చేయవచ్చని విదేశీ వాణిజ్య విధానాన్ని సవరించారు. రైతు కోరిక అదే కాబట్టి దాన్ని తప్పు పట్టడానికి లేదు. కోసే మిల్లు దగ్గర్లో లేనప్పుడు దుంగగా అమ్ముకోక రైతు ఏం చేస్తాడు? మిల్లు లేకపోవడానికి కారణం మాత్రం చట్టంలోనే ఉంది. ఎర్రచందనం దగ్గర ఉంచుకోవడమే అనుమానాస్పదమైన చోట దాన్ని కోసే యంత్రం పెట్టేందుకు ఏ వ్యాపారీ ముందుకు రాడు. ఫ్రాన్స్‌లో మిల్లులు ముందు ఉన్నాయి, వాటిని కాపాడే షరతు తర్వాత వచ్చింది. రాజంపేటలో షరతులున్నాయి, మిల్లులు లేవు.

ప్రభుత్వ నిల్వ విషయంలో ఈ సాకు కూడా చెల్లదు. వేల టన్నులు డిపోల్లో ఎండకూ వానకూ పడి ఉన్నప్పుడు, కనీసం అందులో కొంత భాగాన్ని సర్కారు అదుపులోనే కోయించి, లోపలి గుల్ల, చార తేలాక పలకలుగా, వాద్యాల కొలతలకు తగిన కమ్మీలుగా అమ్మవచ్చు. బాల్టిక్ రేవులు అయిదారు వందల ఏళ్ల కిందట చేసింది ఇదే. అలా చేస్తే ఏ రకంలో ఎంత నాణ్యత ఉందో అమ్మేవాడికి తెలుస్తుంది. సీ రకంగా తూచి ఇచ్చిన దుంగ లోపల అలల చార బయటపడితే ఆ లాభం ఇప్పుడు పూర్తిగా కొన్నవాడిది. శెట్టిగుంట, మాధవమాల కళాకారులకు నాన్‌గ్రేడ్ ముక్కలు తక్కువ ధరకు ఇవ్వడం ఒక మంచి పనే గాని, అది ఈ లోటును పూడ్చదు.

రైతు సంగతికొస్తే, రైల్వేకోడూరు, చిట్వేల్, రాజంపేట పరిసరాల్లో మామిడి, అరటి తోటల గట్ల మీద ఎర్రచందనం నాటినవారు చాలామంది ఉన్నారు. కోడూరు నర్సరీల్లో మొలకలు తేలిగ్గానే దొరుకుతాయి. అడవి చెట్టుకూ తోట చెట్టుకూ తేడా నీళ్లతో వస్తుంది. బిందుసేద్యంతో పెంచిన చెట్టు ఇరవై ఏళ్లలో కంటికి నిండుగా కనిపిస్తుంది. కోస్తే చుట్టూ తెల్ల చెక్క, నడుమ సన్నటి చేవ. ఎకరాకు కోట్లొస్తాయన్న ప్రచారంతో మొక్కలమ్మే కంపెనీలు ఈ తేడా చెప్పవు. చెట్టు చేతికొచ్చాక అటవీ అధికారి కొలతలు, నరకడానికి అనుమతి, మూలం ధ్రువపత్రం, రవాణా పర్మిట్, ఎగుమతి అయితే సైటిస్ పత్రం. ఇన్ని అంచెలు దాటలేక చాలామంది దళారికి నిలువు చెట్టుగానే అమ్మేస్తారు.

2023 నవంబరులో జెనీవాలో జరిగిన సైటిస్ స్థాయీ సంఘం సమావేశంలో ఎర్రచందనం విషయంలో భారత్‌ను ప్రత్యేక సమీక్ష నుంచి తప్పించారు. 2004 నుంచి వేలాడుతున్న అడ్డంకి దాంతో తొలగింది. చెట్టు స్థితి మాత్రం మారలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2018లో దీన్ని కాస్త తక్కువ ముప్పున్న వర్గానికి మార్చి, కొద్ది కాలానికే తిరిగి అంతరించే ముప్పున్న జాతుల్లోకి చేర్చింది. అడవిలో లావు చెట్లు తరిగిపోయాయి, ఉన్నవి ఎక్కువగా మోడు నుంచి చిగిర్చిన సన్న కాండాలు. సమీక్ష తొలగడం తోట చెట్టుకే ఉపయోగం.

ధరలో ఈ ప్రాంతానికి వాటా రావాలన్న ఆలోచన చట్టంలో ఒక్కచోట ఉంది. జీవవైవిధ్య చట్టం కింద 2014లో చేసిన మార్గదర్శకాలు శ్రీగంధం, ఎర్రచందనం వంటి ఖరీదైన వాటికి వేలం లేదా అమ్మకం సొమ్ములో కనీసం 5 శాతాన్ని ముందే వసూలు చేసి, వనరును కాపాడినవారికి పంచాలన్నాయి. ఆ నిధి నుంచి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో కడప, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు జిల్లాల 198 మంది ఎర్రచందనం రైతులకు 3 కోట్ల రూపాయలు విడుదల చేసింది. సగటున ఒక్కొక్కరికి లక్షన్నర. 2014 వేలంలో ఏ రకం దుంగ పదిహేను కిలోలకు పలికిన ధర కూడా దాదాపు అంతే.